గోడలలోను నేలలోను దాగియుండు తీగలు, గొట్టములు
ఇల్లు బాగుచేయించుకొను రైతులు తెలిసికొనదగిన విషయములు

పూర్వము మన పల్లెలలో ఇంటికి కావలసిన నీటిని బావినుండి బిందెలతో తెచ్చుకొనెడివారు. రాత్రివేళ వెలుతురుకు కిరసనాయిలు దీపము చాలెడిది. నేడు చిన్న రైతు ఇంటిలో కూడ దీపములు, పంకాలు, నీటి మోటారు, వంటింటిలో కుళాయి, స్నానపుగదిలో గీజరు ఉండుట మామూలైనది. పశువుల కొట్టమునకు ఒక దీపము, గడ్డి కోసే యంత్రమునకు ఒక కరెంటు లైను, బావినుండి తొట్టికి ఒక నీటి లైను వేసికొనుచున్నారు. ఇల్లు అందముగా నుండుటకై ఈ తీగలను, గొట్టములను గోడలో దాచి పైన సున్నము వేయుచున్నారు. పొలములో దుక్కికి అడ్డు రాకుండ నేలలో పూడ్చుచున్నారు.

ఇట్లు దాచుట మంచిదే. అయితే కంటికి కనబడునది తనంతట తానే మనలను హెచ్చరించును. దాగియున్నది హెచ్చరింపదు. గోడకు పటము తగిలించుటకు మేకు కొట్టిన ఇల్లాలు, మునగ మొక్క నాటుటకు గుంట త్రవ్విన కూలి, కాలువ తీయుటకు జేసీబీ తెచ్చిన పొరుగు రైతు, వీరిలో ఎవరికిని లోపల తీగ యున్నదని తెలియదు. లైను వేసిన వైర్‌మన్ పట్టణమునకు వెళ్ళిపోవును. వేయించిన యజమానియు పది సంవత్సరములలో మరచిపోవును. కావున దాచిపెట్టు ప్రతి లైనును, దాని సంగతి ఏమాత్రము తెలియని వాడు రేపు అక్కడ గునపము వేయునని తలచియే వేయవలెను. ఈ వ్యాసములోని ముఖ్య విషయము ఇదియే.

దీనికి అయిదు సూత్రములు కలవు. లైను తిన్నగా నుండవలెను. తగినంత లోతున నుండవలెను. దానిపై కాపు ఉండవలెను. మూసివేయుటకు ముందు పరీక్షింపవలెను. మూసిన పిమ్మట అది ఎక్కడ నున్నదో వ్రాసి ఉంచవలెను. వీనిని ఒక్కొక్కటిగా వివరింతుము.

పని మొదలుపెట్టుటకు ముందు

పాత ఇంటిని బాగుచేయునపుడు మొదట చేయవలసినది కొట్టుట కాదు, చూచుట. స్విచ్చిబోర్డులు, ప్లగ్గులు, దీపములు, కుళాయిలు ఎక్కడెక్కడ నున్నవో గది గదికి చూచుకొనవలెను. బోర్డునుండి తీగ సాధారణముగ నిటారుగా పైకప్పు వైపునకు పోవును. కుళాయినుండి గొట్టము నిటారుగా క్రిందికో పైకో, లేదా అడ్డముగా ప్రక్క కుళాయికో పోవును. కాబట్టి బోర్డుకు పైన, క్రింద, రెండు ప్రక్కల, అట్లే కుళాయికి నాలుగు వైపుల, తిన్నని గీత వెంట ఒక్కొక్క జానెడు వెడల్పున మేకు గాని డ్రిల్లు గాని వేయరాదు. గోడకు రెండవ ప్రక్కన బోర్డు యున్నను ఇదే జాగ్రత్త వహింపవలెను. లోపలి తీగలను కనిపెట్టు చిన్న పరికరములు బజారులో దొరకును. అవి కొంత సాయపడును గాని వానినే నమ్మరాదు. వానిలో చాలవరకు కరెంటు లేని తీగను, ప్లాస్టిక్ గొట్టమును చూపలేవు.

తరువాత కరెంటు ఆపవలెను. ఇక్కడ మన రైతులు తరచుగా పొరబడుచున్నారు. "కరెంటు పోయినది గదా" యని పనికి దిగుట ప్రాణాపాయము. పోయిన కరెంటు ఏ క్షణముననైన తిరిగి వచ్చును. మోటారుకు ఆటో స్టార్టరు ఉన్నచో కరెంటు రాగానే ఎవరును నొక్కకనే మోటారు తిరుగును. ఇంటిలో ఇన్వర్టరు ఉన్నచో మెయిన్ స్విచ్చి ఆపినను కొన్ని తీగలలో కరెంటు ఉండనే ఉండును. మిద్దెపై సౌర పలకలు ఉన్నచో వానినుండి వచ్చు తీగలలో పగటివేళ కరెంటు ఉండును. కావున మెయిన్ స్విచ్చి, ఇన్వర్టరు, సౌర విద్యుత్తు స్విచ్చి, స్టార్టరు, అన్నియు ఆపవలెను. ఫ్యూజులు తీసి జేబులో వేసికొనవలెను. బోర్డుపై "పని జరుగుచున్నది, వేయవద్దు" అని కాగితము అంటింపవలెను. పిదప టెస్టరుతో చూడవలెను. అయితే ఆ టెస్టరును ముందుగా కరెంటు ఉన్నచోట పెట్టి వెలుగుచున్నదా లేదా యని చూచుకొనవలెను. చెడిపోయిన టెస్టరు వెలుగకపోవుట చూచి తీగలో కరెంటు లేదనుకొన్న ప్రమాదము.

స్తంభమునుండి ఇంటికి వచ్చు సర్వీసు తీగను, మీటరును, సీలు వేసిన కటౌటును మీరుగాని మీ వైర్‌మన్ గాని ముట్టరాదు. ఆ పని విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బందిది. వారిని 1912 నంబరుకు ఫోను చేసి పిలువవచ్చును. ఇంటి లోపలి వైరింగు పనిని లైసెన్సు గల వైర్‌మన్ చేతనే చేయింపవలెను.

గోడలో తీగలు వేయు పద్ధతి

తీగ ఎప్పుడును నిటారుగానో అడ్డముగానో పోవలెను. ఏటవాలుగా వేయుట పెద్ద తప్పు. మూలనుండి మూలకు అడ్డదారిన వేసిన నాలుగు గజముల తీగ ఆదా అగును. కాని తరువాత వచ్చువాడు ఆ తీగ ఎక్కడ నున్నదో ఊహింపజాలడు. నిటారు తీగను, బోర్డును చూచి ఎవరైనను ఊహింపవచ్చును. ఆదా అయిన నాలుగు గజముల తీగ ఖరీదు ఒక ప్రాణముతో పోల్చదగినది కాదు.

తీగలను వట్టిగా గోడలో పెట్టి సిమెంటు పూయరాదు. ఐ.ఎస్.ఐ. ముద్ర గల పి.వి.సి. కండ్యూట్ పైపులోనే పోనీయవలెను. పైపులో తీగలను కుక్కరాదు. సగమునకు పైగా ఖాళీ ఉండవలెను. అట్లయిన తీగలకు వేడి పట్టదు, తరువాత చెడిన తీగను లాగి క్రొత్తది వేయుటకు వీలగును. గోడలోపల తీగకు తీగ ముడి వేయరాదు. ముడులన్నియు మూత తీసి చూచుటకు వీలగు పెట్టెలలోనే ఉండవలెను. వదులైన ముడి వేడెక్కును. వేడెక్కిన ముడి పైతొడుగును కాల్చును. కప్పున వాసములు, తాటాకు, గడ్డి ఉన్న ఇండ్లలో నిప్పు పుట్టుటకు ఇది ఒక కారణము.

తీగ రంగులను పాటింపవలెను. ఎరుపు, పసుపు, నీలము రంగులు ఫేజులకు, నలుపు న్యూట్రలుకు, ఆకుపచ్చ ఎర్తుకు వాడవలెను. ఇంటిలో ఏ తీగ మిగిలినదో ఆ తీగను వాడుదమన్నచో రేపు మరమ్మతుకు వచ్చినవాడు మోసపోవును. ఆకుపచ్చ తీగను ఎర్తుకు తప్ప మరిదేనికిని వాడరాదు. స్విచ్చి ఎల్లప్పుడు ఫేజు తీగపైననే ఉండవలెను. న్యూట్రలుపై నున్నచో స్విచ్చి ఆపినను హోల్డరులో కరెంటు ఉండును.

గోడకు గాడి ఎంత కొట్టవచ్చును?

గోడ బరువును మోయునది. దానికి కొట్టు ప్రతి గాడి దాని బలమును తగ్గించును. ఇటుక కట్టడములకు మన దేశమున పాటించు నియమము ఇది: నిటారు గాడి గోడ మందములో మూడవ వంతునకు మించరాదు. అడ్డపు గాడి ఆరవ వంతునకు మించరాదు. అనగా 9 అంగుళముల గోడకు నిటారు గాడి 3 అంగుళముల లోతువరకు కొట్టవచ్చును, అడ్డపు గాడి మాత్రము ఒకటిన్నర అంగుళమునకు మించరాదు. నాలుగున్నర అంగుళముల గోడకు గాడి కొట్టకపోవుటయే మేలు. గోడకు రెండు ప్రక్కల ఒకేచోట ఎదురెదురుగా గాడులు కొట్టరాదు.

అడ్డపు గాడికి ఇంత కట్టుదిట్టమెందుకన, పైనుండి దిగు బరువు ఆ గీత వెంట గోడను వంచుటకు చూచును. కాబట్టి వీలైనంతవరకు తీగను కప్పువెంట అడ్డముగా నడిపి, కావలసినచోట నిటారుగా దింపుకొనవలెను. కాంక్రీటు స్తంభములను, దూలములను కొట్టరాదు. వానిలోని ఇనుప చువ్వను కోయుట ఎంతమాత్రము తగదు. క్రొత్తగా స్లాబు పోయునపుడు పైపులను, పెట్టెలను కాంక్రీటు పోయుటకు ముందే అమర్చుకొనవలెను.

మట్టిగోడల ఇండ్లలో గాడి కొట్టనే కొట్టరాదు. మట్టిగోడ గాడి వెంట పగులును, చెదలు చేరును, ఎలుకలు దానిని బొరియగా చేసికొనును. అట్టి ఇండ్లలో పైపును గోడపైననే క్లిప్పులతో బిగించి, తీగను అందులోనుండి పోనిచ్చుట క్షేమము. కంటికి అంత ఇంపుగా నుండకపోవచ్చును. కాని ఎక్కడ నున్నదో అందరికిని తెలియును. దాచుట ఒక్కటే గొప్ప కాదని రైతులు గ్రహింపవలెను.

గోడలో నీటి గొట్టములు

నీటి గొట్టమును, కరెంటు తీగను ఒకే గాడిలో వేయరాదు. రెండును ఒకే గోడలో అడ్డముగా పోవలసివచ్చినచో తీగ పైన, గొట్టము క్రింద ఉండవలెను. గొట్టము కారినచో నీరు క్రిందికి దిగునే గాని పైకి ఎక్కదు గదా. స్నానపుగది గోడలో ఆ గదికి కావలసిన తీగ తప్ప వేరొక గదికి పోవు తీగ ఉండరాదు. స్విచ్చిని నీరు చిందని చోట, తడిచేతికి అందని చోట, వీలైనచో గది వెలుపల పెట్టుకొనవలెను.

గీజరునుండి వచ్చు వేడినీటికి మామూలు పి.వి.సి. గొట్టము పనికిరాదు. వేడికి మెత్తబడి సాగి, అతుకులు వదులగును. దానికి సి.పి.వి.సి. గొట్టము వాడవలెను. పాత ఇండ్లలోని జింకు పూత ఇనుప గొట్టములు లోపల త్రుప్పు పట్టి సన్నబడును. గోడను ఎట్లును విప్పుచున్నపుడు అట్టి గొట్టమును మార్చుకొనుట మంచిది. ఒకసారి గోడ మూసిన తరువాత అతుకు కారినచో, కారుట పలకలకు వెనుక జరుగును. మీకు తెలియునప్పటికి ప్రక్క గది గోడ తడిసిపోవును.

ఇనుప నీటి గొట్టమునకు ఎర్తు తీగ చుట్టుట కొందరికి అలవాటు. ఇది తగదు. ఇప్పటి గొట్టములలో ఎక్కడో ఒకచోట ప్లాస్టిక్ ముక్క ఉండును. దానితో ఎర్తు తెగిపోవును. అప్పుడు లీకైన కరెంటు భూమిలోనికి పోక కుళాయి తిప్పువాని చేతిలోనికి వచ్చును.

ఇంటినుండి బావికి, కొట్టమునకు నేలలో వేయు కేబులు

ఇంటినుండి బావికి గాని కొట్టమునకు గాని నేలలో తీగ వేయదలచినవారు ఇనుప కవచముగల ఆర్మర్డ్ కేబులును వాడవలెను. బోరు మోటారుకు దింపు చదునైన మూడు పోగుల వైరు నీటిలో నుండుటకు చేసినది. దానిని వట్టిగా మట్టిలో పూడ్చరాదు. రాయి ఒత్తుకొన్నను, పందికొక్కు కొరికినను పైతొడుగు చినుగును. దానిని నేలలో వేయక తప్పనిచో గట్టి హెచ్.డి.పి.ఇ. గొట్టములో దూర్చి వేయవలెను. ఆర్మర్డ్ కేబులు యొక్క ఇనుప కవచమును ఎర్తునకు కలుపవలెను.

కందకము రెండున్నర అడుగుల లోతు, అనగా 75 సెంటీమీటర్లు ఉండవలెను. బండ్లు, ట్రాక్టర్లు పోవు దారి క్రింద ఒక మీటరు, అనగా 3¼ అడుగుల లోతున, గట్టి గొట్టములో దూర్చి వేయవలెను. గ్రామపు బాటను దాటవలసినచో ముందుగా పంచాయతి అనుమతి పొందవలెను. ఈ లోతు ఎందుకనగా, ట్రాక్టరు నాగలి సాధారణముగ ఒక అడుగువరకు దిగును, గట్టిపొరను చీల్చు నాగలి అంతకంటె లోతుకు పోవును. గునపముతో మొక్క గుంట త్రవ్వువాడు రెండు అడుగులు త్రవ్వును.

కందకము అడుగున రాళ్ళు ఏరివేసి మూడు అంగుళముల ఇసుక పోయవలెను. దానిపై కేబులును బిగలాగక కొంచెము వదులుగా పరువవలెను. దానిపై మరల మూడు అంగుళముల ఇసుక పోసి, పైన ఇటుకలను గాని పాత పెంకులను గాని వరుసగా పేర్చవలెను. పిదప సగము మట్టి పూడ్చి, ఎర్రటి హెచ్చరిక పట్టీని పరచి, మిగిలిన మట్టిని వేసి దిమ్మిస చేయవలెను. ఈ ఇటుకలు కేబులును గునపమునుండి పూర్తిగా కాపాడలేవు. కాని త్రవ్వువాని గునపమునకు ముందు పట్టీ, తరువాత ఇటుక తగులును. "ఇక్కడ ఏదియో ఉన్నది" అని అతడు ఆగును. ఆ ఒక్క క్షణము ఆగుటకే వాని ఖర్చు.

నల్లరేగడి నేలలలో ఇసుక పరుపు మరింత ముఖ్యము. ఆ నేల తడిసినపుడు ఉబ్బును, ఎండినపుడు పెద్ద నెఱ్ఱెలు విచ్చును. అట్లు ప్రతి ఏడును కదలుచు గొట్టముల అతుకులను లాగును, బిగువుగా వేసిన కేబులును ఒత్తును. ఎర్ర చల్కా నేలలలో ఈ బాధ తక్కువ గాని రాళ్ళు ఎక్కువ. అక్కడ రాయి తగులకుండుటకు ఇసుక కావలెను. పంట కోసిన తరువాత, మృగశిర వానలకు ముందు ఈ పని ముగించుకొనుట అనుకూలము. త్రవ్విన కందకమును రాత్రివేళ తెరచి విడువరాదు. పిల్లలు, పశువులు పడుదురు.

నేలలో కేబులుకు అతుకు లేకుండ ఒకే ముక్క వేయవలెను. ఎప్పుడైన తెగి అతుకవలసివచ్చినచో, టేపు చుట్టి పూడ్చరాదు. అందుకు ప్రత్యేకముగ వచ్చు అతుకు సామగ్రితో తెలిసినవారిచే అతికించి, ఆ చోటున గుర్తు రాయి పాతవలెను.

కేబులు ప్రక్కనే నీటి లైను

బావి నుండి నీటి గొట్టమును, కేబులును ఒకే కందకములో వేయుట మన రైతులకు వాడుక. కూలి ఖర్చు కలిసివచ్చును. అట్లు చేసినచో రెండింటికి మధ్య కనీసము ఒక అడుగు ఎడము ఉండవలెను. కందకమును అందుకు తగినంత వెడల్పుగా తీసి, చెరియొక అంచున వేయవలెను. కేబులు ఎల్లప్పుడు ఒకే వైపున, ఉదాహరణకు బావినుండి ఇంటికి నడచునపుడు కుడిచేతి వైపున ఉండునట్లు నియమము పెట్టుకొనవలెను. గొట్టము పగిలినపుడు బాగుచేయుటకు ఎడమ వైపునుండి త్రవ్వినచో కేబులుకు దెబ్బ తగులదు.

పొలములో పి.వి.సి. గొట్టమును రెండునుండి మూడడుగుల లోతున వేయవలెను. ఎండ తగిలినచో అది పెళుసుబారును. కాబట్టి నేలపై విడువరాదు. గొట్టము మలుపుల వద్ద, చివరి మూత వద్ద కాంక్రీటు దిమ్మె పోయవలెను. మోటారు వేయునపుడు, ఆపునపుడు నీరు మలుపును గట్టిగా తోయును. దిమ్మె లేనిచో అతుకు ఊడును. జిగురు పెట్టిన అతుకులను ఒక రోజు ఆరనిచ్చి పిదప నీరు వదలవలెను.

త్రాగు నీటి గొట్టమును మురుగు గొట్టమునకు 10 అడుగుల దూరముగా వేయవలెను. దాటక తప్పనిచోట త్రాగు నీటి గొట్టము పైన, మురుగు గొట్టము క్రింద, మధ్య అడుగున్నర ఎడము ఉండవలెను. మోటారు ఆగినపుడు గొట్టములో పీడనము తగ్గి, చిన్న పగులుగుండ బయటి మురికి లోనికి పీల్చుకొనును. ఇంటిల్లిపాదికి విరేచనములు, పచ్చకామెర్లు వచ్చుటకు ఇట్లు దాగియున్న పగులు కారణము కావచ్చును. మరుగుదొడ్డి ఇంకుడుగుంత త్రాగు నీటి బావికి 60 అడుగుల దూరమున ఉండవలెను.

మీవి కాని లైనులు

మీ పొలములోను ఇంటి ముందునను మీరు వేయని లైనులు కూడ ఉండవచ్చును. తెలంగాణములో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ గొట్టములు గ్రామములన్నిటి గుండ పోవుచున్నవి. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ క్రింద కూడ ఎన్నో గ్రామములలో ఇంటింటికి గొట్టములు వేసిరి. టెలిఫోను కేబుళ్ళు రోడ్డు అంచున కలవు. కొన్ని జిల్లాలలో సహజవాయువు, పెట్రోలు గొట్టములు పొలముల క్రిందుగా పోవుచున్నవి. వాని దారిని తెలుపుటకు గుర్తు రాళ్ళు, బోర్డులు పాతియుందురు. 1962 నాటి చట్టము ప్రకారము అట్టి గొట్టము పోవు నేలలో రైతు పంట వేసికొనవచ్చును గాని ఇల్లు కట్టుట, బావి లేక చెరువు త్రవ్వుట, చెట్లు నాటుట కూడదు.

2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామమున సహజవాయు గొట్టమునుండి వాయువు వెలువడి, అంటుకొని, పదునైదుమందికి పైగా మరణించిరి. కొబ్బరి తోటలు, ఇండ్లు కాలిపోయినవి. అది ఎవరో త్రవ్వుటవలన జరిగినది కాదు. కాని భూమిలోని వాయు గొట్టమునకు చిల్లి పడినచో ఏమగునో దానివలన తెలియుచున్నది. గుర్తు రాయి ఉన్నచోట త్రవ్వుటకు ముందు ఆ రాతిపై నున్న ఫోను నంబరునకు తెలుపవలెను. గ్యాసు వాసన వచ్చినచో అగ్గిపుల్ల గీయక, బండి స్టార్టు చేయక, స్విచ్చి వేయక గాలికి ఎదురుగా దూరముగా పోయి తెలియజేయవలెను.

జేసీబీతో త్రవ్వించువారికై కేంద్రప్రభుత్వము 2023 మార్చి 22న "కాల్ బిఫోర్ యు డిగ్" అను మొబైలు యాప్‌ను ప్రారంభించినది. త్రవ్వబోవు చోటును అందులో తెలిపినచో, అక్కడ లైనులు గల సంస్థలకు వర్తమానము పోవును. యాప్ వాడుట తెలియనివారు పంచాయతి కార్యాలయమున, నీటి సరఫరా సిబ్బందివద్ద, లైన్‌మన్ వద్ద విచారించి త్రవ్వవలెను.

ఫ్యూజు తీగను కాపాడును, మనిషిని కాదు

ఫ్యూజు ఉన్నదిగదా, షాకు కొట్టినచో అది పోవును గదా యని చాలమంది అనుకొందురు. ఇది ప్రాణము తీయు భ్రమ. లెక్క చూడుడు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. 7 వాట్ల చిన్న దీపము సుమారు 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు తీసికొనును. అంత కరెంటు కొంతసేపు గుండెగుండ పోయినచో మనిషి చనిపోవచ్చును. 5 ఆంపియర్ల ఫ్యూజు అనగా 5,000 మిల్లీ ఆంపియర్లకు సంబంధించినది. దానికి ఈ 30 లెక్కలోనికే రాదు. మనిషి పోవును, ఫ్యూజు ఉండును.

మనిషిని కాపాడునది ఆర్.సి.సి.బి. యను పరికరము. పోయిన కరెంటు, తిరిగివచ్చిన కరెంటు సమానముగా లేవన్నచో, అనగా కొంత కరెంటు గోడలోనికో మనిషిలోనికో పోవుచున్నదన్నచో, అది కన్ను మూసి తెరచునంతలో లైను త్రెంచును. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్లది కొనవలెను. గోడలో తీగలున్న ప్రతి ఇంటికి ఇది ఉండవలెను. మేకు దిగినను, ఎలుక కొరికినను ఇదియే రక్షించును. దానిపై "టెస్ట్" అను బొత్తాము ఉండును. నెలకొకసారి దానిని నొక్కి చూడవలెను. నొక్కగానే లైను పోవలెను. పోనిచో మార్పించవలెను. మాటిమాటికి లైను పోవుచున్నదని దానిని తీసివేయుట తగదు. అది పోవుచున్నదన్నచో ఎక్కడో కరెంటు లీకగుచున్నదని అర్థము.

దీనితోపాటు మంచి ఎర్తు గుంట కూడ ఉండవలెను. వేసవిలో దానిలో నీరు పోయుచుండవలెను. పశువుల కొట్టమునకు ఈ రెండును తప్పనిసరి. పశువు తడినేలపై వట్టి కాళ్ళతో నిలుచును. దాని ముందు కాళ్ళకు వెనుక కాళ్ళకు నడుమ ఎడము ఎక్కువ. నేలలో లీకగు కరెంటు ఆ ఎడమున గుండెమీదుగా పోవును. మనిషికి జిమ్మనిపించు కరెంటు గేదెను పడగొట్టవచ్చును.

మూసివేయుటకు ముందు పరీక్ష

మేస్త్రీ ఎంత తొందరపెట్టినను పరీక్ష కానిదే గోడ పూయనీయరాదు, కందకము పూడ్పించరాదు. నీటి గొట్టములకు కుళాయి చోట్ల మూతలు బిగించి, నీరు నింపి, పంపుతో పీడనము పెట్టి ఒక రాత్రి విడువవలెను. తెల్లవారి ప్రతి అతుకును పొడి గుడ్డతో తుడిచి చూడవలెను. తీగలను 500 వోల్టుల మెగ్గరుతో వైర్‌మన్ చేత పరీక్ష చేయించవలెను. ఒక మెగ్ ఓముకు తగ్గినచో ఎక్కడో తొడుగు చెడినదని గ్రహించి వెదకింపవలెను. ప్లాస్టరు అయిన పిమ్మట ఈ పరీక్షను మరల చేయించుట మంచిది. ఏలయన మేస్త్రీ మేకు తగిలియుండవచ్చును.

పటము వ్రాసి ఉంచుట

అన్నిటికంటె చౌకయైనది, అందరును విడిచిపెట్టునది ఈ పని. గాడులు తెరచియుండగనే ప్రతి గోడను ఫోనుతో ఫొటో తీయవలెను. ఫొటోలో కొలత టేపును గోడపై పెట్టి తీయవలెను. కందకము పూడ్చుటకు ముందు కాగితముపై పటము గీయవలెను. పొలములో ఏదైన చోటును తెలుపుటకు కదలని రెండు గుర్తులనుండి కొలతలు వేయవలెను. ఉదాహరణకు "కేబులు మలుపు: ఇంటి ఈశాన్య మూలనుండి 42 అడుగులు, బావి ఒరకు దక్షిణపు అంచునుండి 65 అడుగులు" అని వ్రాసినచో, మీరు లేకున్నను మీ కుమారుడు రెండు తాళ్ళు పట్టి ఆ చోటును కనుగొనగలడు. వేపచెట్టును, గట్టును గుర్తుగా పెట్టుకొనరాదు. చెట్టు పడిపోవును, గట్టు జరుగును. ఇంటి మూల, బావి ఒర, హద్దురాయి నిలుచును. కేబులు మలుపులవద్ద చిన్న గుర్తు రాళ్ళు పాతవలెను.

ఈ పటము ఒక ప్రతిని పట్టాదారు పాసుపుస్తకముతో పెట్టెలో ఉంచవలెను. మరియొక ప్రతిని మీటరు పెట్టె తలుపు లోపల అంటింపవలెను. ఫోను పోయినచో ఫొటోలు పోవును గాన కాగితము తప్పనిసరి. లైను మార్చినపుడెల్ల పటమును దిద్దవలెను.

కీడును ముందుగా తెలుపు గుర్తులు

అన్ని కుళాయిలు కట్టియున్నను తొట్టి నీరు తగ్గుచుండుట, గోడపై తడి మచ్చ పెరుగుట, పొలములో ఒకచోట మాత్రము నేల ఎప్పుడును తడిగా నుండుట, ఇవి గొట్టము కారుచున్నదనుటకు గుర్తులు. గోడ తాకిన జిమ్మనుట, స్విచ్చిబోర్డు వేడిగా నుండుట, కాలిన వాసన, దీపములు మిణుకు మిణుకుమనుట, పశువులు కొట్టములోనికి పోవుటకు బెదరుట, ఇవి కరెంటు లీకునకో వదులు ముడికో గుర్తులు. గోడ జిమ్మన్నచో మెయిన్ ఆపి, పిల్లలను దూరముగా పంపి, వైర్‌మన్‌ను పిలువవలెను. వానలు తగ్గిన తరువాత చూతమని విడువరాదు.

ఎవరికైన షాకు తగిలినచో వారిని చేతితో పట్టరాదు. ముందు మెయిన్ ఆపవలెను. వీలుకానిచో పొడి నేలపైనో పొడి పలకపైనో నిలిచి, పొడి కర్రతో తీగను తప్పింపవలెను. వెంటనే 108కి ఫోను చేయవలెను. ఊపిరి ఆడనిచో వెల్లకిల పరుండబెట్టి, ఛాతీ నడుమ రెండు చేతులతో రెండు అంగుళములు దిగునట్లు నిమిషమునకు 100 నుండి 120 సార్లు వైద్య సహాయము వచ్చువరకు ఒత్తుచుండవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. తీగ నిటారుగానో అడ్డముగానో పోవలెను, ఏటవాలుగా పోరాదు.
2. కరెంటు పోవుట వేరు, కరెంటు ఆపుట వేరు. ఇన్వర్టరు, ఆటో స్టార్టరు మరువరాదు.
3. నిటారు గాడి గోడలో మూడవ వంతు, అడ్డపు గాడి ఆరవ వంతు. మట్టిగోడకు గాడి వద్దు.
4. నేలలో కేబులు రెండున్నర అడుగుల లోతున, ఇసుక పరుపుపై, ఇటుకల క్రింద ఉండవలెను.
5. కేబులుకు గొట్టమునకు మధ్య ఒక అడుగు. గోడలో తీగ పైన, గొట్టము క్రింద.
6. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., మంచి ఎర్తు లేని ఇల్లు ఉండరాదు.
7. పరీక్షింపనిదే మూయరాదు. పటము గీయనిదే పూడ్చరాదు.

రైతు సోదరులారా! పొలము హద్దులను, సర్వే నంబర్లను మీరు ఎంత భద్రముగా వ్రాసి ఉంచుకొందురో, ఇంటి గోడలలోను నేలలోను దాచిన లైనులను కూడ అంత భద్రముగా వ్రాసి ఉంచుకొనుడు. దానికి కావలసినది ఒక కాగితము, ఒక టేపు, ఒక గంట కాలము. ఆ కాగితము రేపు మీ గోడకు మేకు కొట్టువానికి, మీ నేలలో గునపము వేయువానికి రక్షణ కాగలదు.